దూరం ఒకటే, గంటలే వేరు

ఒరేయ్ శేఖర్,

నీ ఉత్తరం అందింది. లండన్ నుంచి న్యూయార్క్‌కి దాదాపు 5,550 కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది, భాగిస్తే 6 గంటల చిల్లర, మరి టికెట్‌లో 8 గంటలెందుకు వేశారు అనేగా నీ గొడవ? లెక్క బాగానే చేశావు కానీ గాలిని వదిలేశావురా.

విమానాలు తిరిగే ఎత్తులో, అంటే సుమారు 10 కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి వీస్తూ ఉంటుంది. చలికాలంలో మరీ జోరు. గంటకి 150 అనుకో. పోయేటప్పుడు ఎదురుగాలి కాబట్టి నేల మీద లెక్కకి నీ విమానం 750తోనే పోతుంది, అంటే 7 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 1,050, పట్టేది 5 గంటల 17 నిమిషాలు. పోయినప్పటి నష్టం వచ్చేటప్పుడు పూడిపోతుందిగా అంటావేమో, పూడదు! గాలే లేకపోతే రానూపోనూ 12 గంటల 20 నిమిషాలు, గాలి ఉంటే 12 గంటల 41. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కదా, అక్కడ పోయే టైమే ఎక్కువ.

2020 ఫిబ్రవరిలో సియారా తుఫానప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం ఒకటి ఈ వెనక గాలితోనే న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. సీటు ముందు స్క్రీన్‌లో గ్రౌండ్ స్పీడ్ అని, అంటే నేల మీద లెక్కకి వేగం, ఒక అంకె కనిపిస్తుంది, నువ్వు సినిమాలు మానేసి దాన్నే చూస్తావని నాకు తెలుసులే.

ఇంకోటి. మ్యాప్‌లో దారి పైకి వంగి ఐర్లాండ్ మీదుగా, కెనడా తీరం పక్కగా కనిపిస్తే చుట్టూ తిప్పుతున్నారని కంగారు పడకు. గుండ్రటి భూమి మీద దగ్గర దారి అదే. బల్లపరుపు మ్యాప్‌లో వంకరగా పడుతుందంతే. పైగా అట్లాంటిక్ మీద దారుల్ని ఆ రోజు గాలిని బట్టి రోజూ కొత్తగా గీస్తారు.

టికెట్‌లో వేసే టైమ్ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దగ్గర క్యూ, దిగేముందు ఆకాశంలో కొట్టే చక్కర్లు అన్నీ అందులోనే. ఆలస్యమైందన్న పేరు రాకుండా కొంచెం ఎక్కువే వేస్తారు కూడా. అది నాకు తప్పనిపించదు, అరగంట ముందు దిగితే ఎవరు తిడతారు చెప్పు?

గడియారాలతో మాత్రం జాగ్రత్త. మధ్యాహ్నం 12కి ఎక్కి 3కి దిగుతావని ఉంటే 3 గంటల ప్రయాణం అనుకోకు. న్యూయార్క్ 5 గంటలు వెనక. తిరుగు ప్రయాణంలో రాత్రి 7కి ఎక్కితే పొద్దున 7కి దిగుతావు, నిజానికి పట్టేది 7 గంటలే. అందులో భోజనానికి, లైట్లు వేసి లేపడానికి పోగా నిద్రకి మిగిలేది 4 గంటలు. టికెట్ ఖాయం కాకపోతే పగలు బయలుదేరేది దొరుకుతుందేమో చూడు. దిగిన రోజే మీటింగ్ పెట్టుకోకురా బాబూ.

టికెట్ ఖాయమయ్యాక ఫ్లైట్ నంబర్ రాయి.

నీ
మురళి