రవెల్లోలో పెట్టెలు మోసుకొచ్చిన అన్నకు

ఇటలీ అమాల్ఫీ తీరంలో, సముద్రానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంటుంది రవెల్లో. అక్కడి విల్లా చింబ్రోనె ఇప్పుడు ఖరీదైన హోటలు. మేం దిగేంత స్తోమత లేదు కానీ, తోట టికెట్టు కొంటే ఎవరైనా చూడొచ్చు. ఊరి చౌకు నుంచి అక్కడికి సందుల్లో, మెట్ల మీద నడవాల్సిందే. సగం దారిలో అమ్మకు మోకాలు పట్టేసింది. గోడకానుకుని కూలబడిపోయింది.

అప్పుడొచ్చారు మీరు, ఎవరివో రెండు పెట్టెలతో. మేం హోటల్లో దిగినవాళ్లం కాదని సైగ చేసినా వినలేదు. పెట్టెలు పక్కన పెట్టి, ఎదురింటివాళ్లనడిగి కుర్చీ తెచ్చారు. చల్లటి నీళ్లలో నిమ్మకాయ పిండి ఇచ్చారు. ఆ కాయ మన నిమ్మకాయకు రెండింతలు, కోలగా ఉంది. దాని తొక్కను గోటితో గీరి అమ్మ ముక్కు దగ్గర పెట్టారే, అది ఇంకా నా కళ్లముందే ఉంది.

తర్వాత మోచెయ్యి అందించి, మెట్టు మెట్టుకీ ఆగుతూ, తోట చివర పాలరాతి విగ్రహాల వరుస దాకా నడిపించారు. అమ్మ అరగంట సముద్రాన్నే చూస్తూ కూర్చుంది. నాన్న పోయాక ఆమె ముఖంలో అంత నెమ్మది నేను చూడలేదు.

డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కంగారులో పేరైనా అడగలేదు. అమ్మ తరఫున, నా తరఫున మీకు దండాలన్నా.