సైకిల్‌కి కాస్త చోటివ్వండి సార్

విజయనగరం రోడ్ల సంగతి చూసే అధికారి గారికి నమస్కారం.

కంటోన్మెంట్ నుంచి గంటస్తంభం దగ్గర పనికి నేను సైకిల్ మీదే వెళ్తాను, వాన పడితే ఆటో, అంతే. మా అన్నయ్య కారులో బయల్దేరినా నాకంటే ముందు చేరింది లేదు, ఎందుకంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుని బయటపడ్డాక కారు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడానికే ఇంకో పది నిమిషాలు పోతుంది. ఒక్క కారు నిలిపే చోట పది సైకిళ్లు పడతాయి సార్.

బస్సు సంగతి వేరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, మా వదిన ఆ మిగిలిన డబ్బు పిల్లల ఫీజుకి దాస్తోంది. చాలా మంచి పని. కానీ ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్‌లో దిగాక? ఊళ్లోకి మళ్లీ ఆటోయే.

నాకు భయమేసేది ఒక్కటే. రోడ్డు అంచున తారుకీ మట్టికీ మధ్య బెత్తెడు ఎత్తు తేడా. మొన్న వెనక లారీ హారన్ కొడితే పక్కకి దిగబోయి పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. అదే దారిలో పిల్లలు స్కూలు బ్యాగులు తగిలించుకుని సైకిళ్లు తొక్కుతున్నారు. ముందు ఆ అంచు సరిచేయించండి. తర్వాత కాంప్లెక్స్ దగ్గర సైకిల్‌కి తాళం వేసి పెట్టుకునేలా నీడపట్టున కాస్త చోటు చూపించండి.