ఇకనుంచి మన ఆదివారం టూర్‌కి వ్యాన్ ఉండదు

ఆదివారాలు మాతో కలిసి పాతబస్తీ చూస్తున్న అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పొద్దున అఫ్జల్‌గంజ్‌లో వ్యాన్ కోసం ఎదురుచూసి తిరిగి వెళ్ళిపోయిన వాళ్ళందరికీ డబ్బులు పూర్తిగా వాపసు వేశాను. అందనివాళ్ళుంటే ఒక్క మెసేజ్ పెట్టండి.

జరిగింది చెప్తాను. వ్యాన్ ఓనర్‌కి అడ్వాన్స్ ముందే ఇచ్చాను. శనివారం రాత్రి కూడా "పక్కా సార్" అన్నాడు. తెల్లారేసరికి బండి పెళ్ళి కిరాయికి వెళ్ళిపోయింది, ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం దొరికాక నిలదీస్తే, "పెళ్ళి కిరాయి ఇడిచిపెడ్తనా సార్? మూసీ కంపు సూడనీకి వచ్చేటోళ్ళు జర ఆగుతే ఏమైతది?" అన్నాడు. బండి రాకపోవడం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. సెలవు రోజు నిద్ర మానుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని సొంత ఊరి చరిత్ర చూద్దామని వచ్చినవాళ్ళ గురించి అన్న మాట అది. అడ్వాన్స్ తిరిగి వచ్చినా రాకపోయినా, ఆయన బండి మళ్ళీ ఎక్కేది లేదు.

ఇంకో బండి మాట్లాడుకోవచ్చు కదా అని మీలో చాలామంది అన్నారు. దాని గురించి నిద్ర పట్టనంత ఆలోచించాను. వ్యాన్ లేకపోతే గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు వదులుకోవాలి. కొత్తగా ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేదే గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కోట పైనున్న బాలాహిసార్‌లో వినపడుతుందా లేదా చూడాలని పిల్లల సరదా. అది తీసేస్తే గిరాకీ పడిపోతుందని ఇంట్లోవాళ్ళూ గట్టిగానే చెప్పారు. పడిపోతే పడిపోనివ్వండి. మాట ఇచ్చేది నేను, నిలబెట్టాల్సింది ఇంకొకరు అనే ఏర్పాటు నాకిక వద్దు. గోల్కొండ తీసేశాను.

ఇకమీదట మూసీ వెంబడే కాలినడక. పురానాపూల్‌తో మొదలుపెడతాం. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో 1578లో కట్టారు, 22 కమాన్లు. చార్మినార్ 1591లో వచ్చింది కాబట్టి ఊరికంటే ముందు వంతెనే ఉంది. కూరగాయల బుట్టల మధ్య నుంచి దాటాలి, వ్యాన్ ఉన్నా దానిమీదికి ఎక్కేది కాదు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ ప్రేమించిన భాగమతి కోసమే కట్టించారన్న కథ చెప్తాను. అప్పటికి ఆ కొడుకుకి 12, 13 ఏళ్ళేనని కూడా చెప్తాను.

హైకోర్టు బయటినుంచే. మొహర్రం పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆశుర్‌ఖానాలో మాత్రం తొందరపెట్టను. 1590ల నాటి రంగుల పలకలు గోడల నిండా మెరుస్తుంటాయి. కింది భాగంలో కొన్నిచోట్ల ఆ మెరుపు ఉండదు. దగ్గరికెళ్ళి చూస్తే పలకల డిజైన్‌నే రంగుతో గీసినట్టు తెలుస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో పాడైన పలకల చోటు అది. వ్యాన్ టూర్‌లో దీనికి ఎప్పుడూ టైమ్ చాలేది కాదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. మొహర్రం రోజుల్లో అటు వెళ్ళం.

నయాపూల్ వంతెన దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్తాం. ఆ వరదలో సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. పక్కన రోగులుంటారు కాబట్టి అక్కడ మైకు వాడను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టింది ఆ వరద తర్వాతే. 2025 సెప్టెంబరులో ఆ గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్ళొచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే గేట్లు ఎత్తిన వారం నడక రద్దు, డబ్బు పూర్తిగా వాపసు.

బండి ఖర్చు లేదు కాబట్టి టికెట్ సగానికి తగ్గించాను. ఎక్కువ నడవలేని పెద్దవాళ్ళుంటే ముందే చెప్పండి. వాళ్ళు ఆటోలో నేరుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చేయొచ్చు, మనమూ చివరికి చేరేది అక్కడికే. గంటలు కొట్టే గడియారం అందరం కలిసి చూద్దాం. గోల్కొండ కోసమే బుక్ చేసుకున్నవాళ్ళు బుధవారంలోపు చెప్తే వాళ్ళ డబ్బూ వేసేస్తాను.