శ్రావణం ముందు మా మ్యాచింగ్ కౌంటర్‌లో కొన్ని మార్పులు

అమలాపురం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా మ్యాచింగ్ సెంటర్‌కి వచ్చే అక్కచెల్లెళ్లకీ, లైనింగులు కొనే టైలర్లకీ నమస్కారమండి. ఆషాఢం సేల్స్ హడావిడి అయిపోయింది. శ్రావణం వచ్చిందంటే కౌంటర్ దగ్గర మాట్లాడుకునే తీరిక మీకూ ఉండదు, మాకూ ఉండదు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఇకనుంచి జాకెట్టు ముక్క చూపించే ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాం. ఈ చీర పగలు కడతారా, రాత్రా? నోముకా, రిసెప్షన్‌కా? "అది నీకెందుకయ్యా" అని ఇప్పటికే ఒకరిద్దరు పెద్దావిడలు కసిరారు. ఎందుకో చెప్తాను.

"కొట్లో సరిగ్గా కలిసింది, ఇంటికెళ్లి చూస్తే వేరే రంగు." మ్యాచింగ్ సెంటర్ నడిపే ఎవరిని అడిగినా రోజూ వినే మాట ఇదే. ముక్క మార్చి ఇచ్చారనో, రంగు వెలిసిందనో అనుకుంటారు. చాలాసార్లు రెండూ కాదు. కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలే ఉంటాయి. ఒక గుడ్డ తిప్పి పంపిన వెలుతురులో ఈ మూడింటికీ ఎంతెంత అందిందన్నదే మెదడుకు తెలుస్తుంది. ఇద్దరు వేర్వేరు కూరలు కొన్నా బిల్లు మొత్తం ఒకటే రావచ్చు కదా, అలాగన్నమాట. టమాటా రేటు మారిందంటే రెండు బిల్లులూ ఇక కలవవు. ఇక్కడ రేటు మార్చేది లైటు. ఒక లైటులో కలిసిన రెండు గుడ్డలు ఇంకో లైటులో కలవకపోవడాన్ని అద్దకం వాళ్లు మెటామెరిజం అంటారు.

మన జాకెట్టు ముక్కలకు ఈ బెడద మరీ ఎక్కువ. పట్టు చీరకు సాధారణంగా పడేది యాసిడ్ రంగు. టూ బై టూ అనే కాటన్ జాకెట్టు గుడ్డకి ఎక్కువగా రియాక్టివ్ రంగులు వాడతారు. ఇవి నూలుతో రసాయనికంగా ముడిపడిపోతాయి, 1956లో మార్కెట్‌లోకి వచ్చాయి. పాలిస్టర్‌కి డిస్పర్స్ రంగు. అంటే మీ చీరలోని రామా గ్రీన్, మా బేలులోని రామా గ్రీన్ పుట్టుకే వేరు. చీరతోపాటే వచ్చే రన్నింగ్ బ్లౌజ్ ఏ లైటులోనూ మోసం చేయదు, ఎందుకంటే దానిదీ చీరదీ ఒకే అద్దకం. మూడు రంగులు కలిపి తీసే షేడ్లు, అంటే ఉల్లిపొర, గచ్చకాయ, బిస్కెట్ రంగు లాంటివి అన్నిటికంటే ఎక్కువ సతాయిస్తాయి. వీటిలో నూటికి నూరుపాళ్లు కలిపిస్తామని మేం మాట ఇవ్వం. ఇచ్చేవాళ్లుంటే వాళ్ల లైట్లు ఆర్పించి వాకిట్లో చూడండి.

కౌంటర్ మీద ట్యూబులన్నీ మార్చేశాం. చవక ఎల్ఈడీలో ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు పూత. ముదురు ఎరుపు వెలుతురు అందులో తక్కువ. అందుకే మెరూన్ పోయి ఇటుకరాయిలా కనిపిస్తుంది, కుంకుమ రంగు చచ్చిపోతుంది. ఆ లైటులో రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పడానికి డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె వేస్తారు, పూర్తి మార్కులు 100. ఇళ్లలో వాడే చాలా బల్బులకి 80 ఉంటుంది. చూడ్డానికి మంచి మార్కులే. కానీ ఆ లెక్క కట్టేది 8 లేత రంగుల మీద, ముదురు ఎరుపు అందులో లేనే లేదు. దానికి ఆర్9 అని విడిగా ఇంకో అంకె ఉంటుంది. మన వ్యాపారంలో సగం ఎరుపుల మీదే నడుస్తుంది కాబట్టి అది ఎక్కువున్న ట్యూబులే తెప్పించాం. ధర మామూలువాటికి రెట్టింపు పైనే పడింది. ఆ ఖర్చు ముక్కల రేట్ల మీద వెయ్యలేదు.

మూలన బూడిద రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి కనిపిస్తుంది. వడ్రంగి చేత చేయించాం. అందులో మూడు స్విచ్చులు: ఒకటి పగటి వెలుతురుకి దగ్గరగా ఉండే 6500 కెల్విన్ లైటు, ఒకటి ఇంట్లో వాడే ఎల్ఈడీ, ఒకటి పాతకాలపు పసుపు బల్బు. మిల్లుల్లో డీ65 అనే ప్రమాణంతో కొలిచి పెట్టే అసలు లైట్ బాక్సు వేరు, అది మా స్థాయికి అందే ధర కాదు. మాది దానికి నకలే. అయినా మీరు చీర ఎప్పుడు కడతారో చెబితే, ఆ స్విచ్చు వేసి చూపించగలం.

పెట్టె బూడిద రంగులోనే ఎందుకంటే పక్కనున్న రంగు కూడా కంటిని మాయ చేస్తుంది. 1824లో పారిస్ గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తను అధిపతిగా వేశారు. నలుపు దారం సరిగా నల్లగా లేదని అక్కడ ఫిర్యాదులు. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, నేతలో ఆ దారం పక్కన పడ్డ రంగులదే పని. మన దగ్గర జరీ అంచు అదే చేస్తుంది. పసుపు పక్కన పెడితే తెల్ల ముక్క కూడా కాస్త నీలంగా అనిపిస్తుంది. కాబట్టి బాడీకి కలపాలా, అంచుకి కలపాలా అన్నది ముందే తేల్చుకుని రండి. నెమలికంఠం చీరలకైతే పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. చీర తిప్పినప్పుడల్లా మారే రంగుకి ఒక్క ముక్క ఎలా కలుస్తుంది? రెంటిలో ఒకటి మీరే ఎంచుకోవాలి.

వాట్సాప్ ఫొటో చూసి ముక్క పంపడం ఆపేస్తున్నాం. కువైట్, మస్కట్ నుంచి ఫొటోలు పంపి ఇక్కడ అమ్మావాళ్ల చేత కొనిపించేవాళ్లకి ఇది ఇబ్బందేనని తెలుసు. కానీ ఫోన్ కెమెరా వెలుతుర్ని బట్టి తెలుపును తనంతట తనే సర్దేసుకుంటుంది. 2015లో ఒక గౌను ఫొటో కొందరికి నీలం నలుపుగా, కొందరికి తెలుపు బంగారంగా కనిపించి ప్రపంచమంతా వాదులాడుకుంది, గుర్తుందా? అసలు గౌను నీలం నలుపే. చీర లోపలి చెంగు నుంచి చిన్న పీలిక గానీ, కొంగు కుచ్చు దారం గానీ ఊరొచ్చేవాళ్లతో పంపితే చాలు.

ఇక డై చేయించే ముక్కల సంగతి. కాలువలు కట్టేసిన వేసవిలో బోరు నీటితో అద్దాలి. అందులో ఉప్పో ఇనుమో ఉంటే షేడు మందగిస్తుంది. ఇప్పుడేమో ఎర్రనీరు వచ్చేసింది, మట్టి తేర్చుకోవాలి. తడి గుడ్డ ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది, ఇస్త్రీ వేడి మీద కూడా కొన్ని రంగులు మారతాయి. పూర్తిగా ఆరి, చల్లారాకే కలిపి చూడాలి. ఈ ముసురులో గుడ్డ ఆరడమే గగనం. అందుకని డై ఆర్డర్లకి ఇంకో రెండు రోజులు ఎక్కువ పడుతుంది, ముక్కకి 20 రూపాయలు పెంచుతున్నాం. వరలక్ష్మీ వ్రతానికి కావాలంటే వారం ముందే ఇవ్వండి. ముందురోజు వచ్చి టెన్షన్ పెడితే రెడీమేడ్ షేడ్లలోంచే చూసుకోవాలి.

వాపసు సంగతి: మీరు చెప్పిన వెలుతురులో తేడా వస్తే, కత్తెర పడని ముక్కను తీసుకుంటాం. పగటికని చెప్పి రాత్రి ఫంక్షన్ హాల్లో ఊదా లైట్ల కింద చూసి తెస్తే తీసుకోం. టైలర్లు గమనించండి, పల్చటి టూ బై టూ కింద తెల్ల లైనింగ్ వేస్తే షేడు లేతబడుతుంది.

అరవై దాటినవాళ్లు నేవీ బ్లూ, నలుపు మధ్య ఎంచుకునేటప్పుడు మా అమ్మాయిల్ని కూడా చూడమనండి. వయసుతో కంటి లెన్సు పసుపుబారి నీలాన్ని తగ్గిస్తుంది.

మా కొట్టుకి పడమటి వాకిలి కదా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎర్రటి ఎండ నేరుగా కౌంటర్ మీద పడుతుంది. ఎండ కాసిన రోజుల్లో ఆ గంటసేపు రంగులు కలపం. ఫాల్స్, లంగాలు, హుక్కులు మామూలుగానే దొరుకుతాయి. కనకాంబరం, ఆనంద బ్లూ అయిపోయాయి, వచ్చే వారం వస్తాయి.