టైరు మార్చిన పెద్దాయనకు

ఆస్ట్రేలియాలో అపోలో బే ఊరు దాటాక మెయిట్స్ రెస్ట్ అడవిలో తాటిచెట్టంత ఫెర్నులు చూసి మురుస్తూ తిరిగొచ్చేసరికి మా టైరు నేలకు అంటుకుపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. నట్లు నాకైతే కదల్లేదు. మీరు బండి ఆపి, పానా మీద కాలేసి తొక్కారు; కిర్రుమని ఊడింది. ఈ గ్రేట్ ఓషన్ రోడ్డును 1919 నుంచి 1932 దాకా, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు పలుగూ పారలతో వేశారని మాకు చెప్పింది, జాకీ దించుతూ మీరే. డబ్బు ముట్టలేదు. అమ్మ పెట్టిన జంతికలు మాత్రం గుప్పెడు తీసుకున్నారు, కారానికి కళ్ళు తుడుచుకుంటూనే. "ఈ చిన్న స్పేర్ టైరుతో 80 కిలోమీటర్ల వేగం దాటొద్దు" అన్నారు. దాటలేదండీ. పొద్దుగూకేలోపే సముద్రపు ఒడ్డుకు దిగే గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లూ దిగాం. పేరడగడం మరిచాను. మీకు తెలుగు రాదు, అయినా రాస్తున్నా: చాలా థాంక్సండీ.