నాన్నగారి డబ్బు కొంత తిరిగొచ్చింది, సాయపడ్డవాళ్లందరికీ దండాలు

లోక్ అదాలత్ ఉత్తర్వు బ్యాంకుకి చేరాక నాన్నగారి ఖాతాలో డబ్బు పడింది. మొత్తం కాదు, ఆన్‌లైన్ మోసంలో పోయినదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఆయన పాస్‌బుక్ పట్టుకుని తనే బ్యాంకుకి వెళ్లొచ్చారు, మాకు అదే పెద్ద విషయం. పేర్లు రాయొద్దని కొందరు అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు.

జరిగింది మీరు చాలాచోట్ల విన్నదే. వాట్సాప్ గ్రూపులో షేర్ల టిప్స్, తర్వాత ఐపీవోలో (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మేటప్పుడు) కోటా ఇప్పిస్తామని ఓ యాప్, అందులో రోజురోజుకీ పెరిగే లాభం. తీసుకోబోతే ముందు ట్యాక్స్ కట్టమన్నారు.

మొదట మా వీధి మెడికల్ షాపు బాబాయ్‌కి చెప్పాలి. బీపీ మాత్రల కోసం వెళ్లిన నాన్నగారి వాలకం చూసి, గుచ్చిగుచ్చి అడిగి, అక్కడికక్కడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాడు. మాకు తెలిసింది ఆ తర్వాతే. అక్కడ ఫిర్యాదు నమోదైతే డబ్బు చేరిన బ్యాంకులకి వెంటనే కబురు వెళ్తుంది, ఆ ఖాతాల్లో ఇంకా మిగిలి ఉన్నది ఎవరూ తీయకుండా హోల్డ్‌లో పడుతుంది. మాకు దక్కింది చివరగా పంపిన సొమ్ములో కొంత. అంతకుముందు పంపింది అప్పటికే ఖాతాలు మారిపోయి గల్లంతైంది. బాబాయ్ ఇంకో పూట ఆగి ఉంటే ఇదీ ఉండేది కాదు.

బ్యాంకు కౌంటర్లో మేడమ్ గారు భోజనం డబ్బా పక్కన పెట్టి, స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, మోసగాళ్లకి వెళ్లిన ప్రతి లైను పక్కనా ఎర్ర పెన్నుతో యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీని గుర్తించే నంబర్) రాసిచ్చారు. పోలీసులు మొదట అడిగింది ఆ కాగితమే.

వరంగల్‌లో మా ఫిర్యాదు తీసుకున్న హెడ్ కానిస్టేబుల్ గారికి ఎంత చెప్పినా తక్కువే. నాన్నగారు కోపంతో యాప్ తీసేసి గ్రూపులోంచి బయటికి రాబోతుంటే ఆపి, ముందు చాట్ ఎక్స్‌పోర్ట్ చేయించారు. ఫోన్ నంబర్లు, వాళ్లిచ్చిన ఖాతా వివరాలు, యాప్ స్క్రీన్‌షాట్లు అన్నీ తీయించారు. "మాస్టారూ, నిన్న ఇదే కుర్చీలో ఓ డాక్టరు గారు కూర్చున్నారు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాన్నగారు ఆ రాత్రి అన్నం తిన్నారు.

హోల్డ్ పడింది కదా, డబ్బు దానంతటదే వస్తుందని మేమే కాదు, చాలామంది అనుకుంటారు. రాదు. మా విషయంలో కోర్టు ఉత్తర్వు లేకుండా బ్యాంకు వదల్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ గారు ఈ సంగతి విడమరిచి చెప్పి, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503 సెక్షన్ కింద అర్జీ రాయించి, లోక్ అదాలత్‌లో పెట్టించారు. కోర్టు ఫీజు లేదు. జిల్లాలో ఎవరిని కలవాలో తెలియనివాళ్లు న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు.

చివరగా మా తమ్ముడికి. కేసు నడుస్తుండగా ఒకడు ఫోన్ చేసి, పోయిన మొత్తం పైసలతో సహా చెప్పి, "డబ్బు రికవర్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే రేపే జమ" అన్నాడు. నాన్నగారు సగం నమ్మేశారు. తమ్ముడు ఫోన్ లాక్కుని పెట్టేశాడు. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు ఈ ముఠాల చేతులు మారుతుంటాయట. పోలీసులైనా, కోర్టైనా మన డబ్బు మనకివ్వడానికి ముందుగా డబ్బు అడగరు.

ఇంకో బ్యాంకులో కొంత హోల్డ్‌లోనే ఉంది, దానికి మళ్లీ అర్జీ పెట్టాలి. ఆ అర్జీకి ఏయే కాగితాలు జత చేశామో ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.