రవాణా శాఖ మంత్రి గారికి: మిర్చి ట్రాక్టర్ల సంగతి ఒకసారి తేల్చండి

అయ్యా, నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తోలే రోజులొచ్చాయంటే మా సత్తెనపల్లి వైపు రైతులకి రేటు టెన్షన్ ఒకటి, పేరేచర్ల దాటేలోపు ట్రాక్టర్‌ని ఎవరు ఆపుతారో అన్న టెన్షన్ ఇంకొకటి. మొదటిది మీ శాఖది కాదు. రెండోది పూర్తిగా మీదే.

సొంత ట్రాక్టర్, సొంత పంట అయితే పెద్దగా ఎవరూ అడగరు. కానీ ఎకరం, రెండెకరాలు కౌలుకి చేసేవాడికి ట్రక్కు (ట్రాక్టర్ వెనక తగిలించే ట్రైలర్) నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కడి నుంచి వస్తాయి? పక్క చేను వాళ్లవీ, బావమరిదివీ కలిపి ఒకే ట్రక్కులో వేసుకుని డీజిల్ ఖర్చు తలా కొంత పెట్టుకుంటారు. అంతే, కిరాయికి తోలుతున్నారు, పర్మిట్ ఏది, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఏది అని మొదలవుతుంది. అక్కడ గంటలు పోయాయంటే ఆ రోజు బేరం పోయినట్టే. మర్నాడు శనివారమైతే యార్డుకి సెలవు, ఇక సోమవారం దాకా కాపలా.

1988 మోటారు వాహనాల చట్టం చూస్తే, సరుకు కోసం తయారు చేయని బండి అయినా సరుకు మోస్తే అది సరుకు బండే. 1989 కేంద్ర నిబంధనలు చూస్తే, ప్రధానంగా వ్యవసాయ సామగ్రి మోసేది వ్యవసాయ ట్రైలర్, అది ఎవరి పొలానిదో అన్న మాట అందులో లేదు. ఈ రెండిటి మధ్య, రోడ్డు మీద ఆపినాయన చెప్పిందే చట్టం అవుతోంది.

లైసెన్సు విషయంలో అయితే ఈ గొడవే ఉండకూడదు. ట్రాక్టర్ లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రక్కు తగిలించి సరుకు వేసినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లకి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం కూడా తేల్చింది. ఈ కబురు మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లందరికీ చేరిందో లేదో మరి.

అసలు భయం మాత్రం ఇన్సూరెన్సుతో. పాలసీలో వ్యవసాయ పనులకు మాత్రమే అని ఉంటుంది. ఖర్మ కాలి యాక్సిడెంట్ అయితే, పక్కవాడి టిక్కీలు ఉన్నాయి కాబట్టి ఇది వ్యాపారం అని కంపెనీ చేతులు దులుపుకుంటే, నష్టపరిహారం కట్టడానికి ఆ ట్రాక్టర్ అమ్మినా చాలదు.

మినహాయింపు పేరుతో అన్నీ వదిలేయమని అడగట్లేదు. మీసాలు రాని కుర్రాడు పాటలు పెట్టుకుని ట్రాక్టర్ తోలితే ఆపండి, వెనక లైటూ రేడియం స్టిక్కరూ లేకుండా రాత్రిపూట హైవే ఎక్కితే జరిమానా వేయండి. వ్యవసాయ రిజిస్ట్రేషన్ అడ్డం పెట్టుకుని ఏడాది పొడుగునా ఇసుక, ఇటుక తోలేవాళ్లనీ పట్టుకోండి, వాళ్ల వల్లే మమ్మల్నీ అనుమానంగా చూస్తున్నారు.

ఒకే ఊరి రైతులు పంట కలిపి యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో తోలుకుంటూ ఖర్చు పంచుకుంటే అది వ్యవసాయ అవసరమే అని తెలుగులో ఒక్క పేజీ ఉత్తర్వు ఇప్పించండి. అది చెకింగ్ సిబ్బందికీ, ఇన్సూరెన్సు కంపెనీలకీ పంపండి, ఒక కాపీ యార్డు గేటు దగ్గర అంటించండి. కొత్త కాయ జోరుగా రావడం మొదలయ్యేలోపు ఆ పని అయితే మాకు ఈ ఏడాదే ఉపయోగం.

ఇట్లు,
ఒక కౌలు రైతు